ఇరవై కార్డులకి ఒక పాట

నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని మా చుట్టాలందరికీ తెలుసు. పెళ్లి శుభలేఖల మీద అడ్రసులు రాయించుకోవడానికి తప్ప అది ఎవరికీ అక్కరకి రాలేదు, 1989 వేసవి దాకా. పదో తరగతి పరీక్షలు రాసి తెనాలిలో గాలికి తిరుగుతుంటే బోసు రోడ్డు పక్క సందులో ఉన్న రికార్డింగ్ సెంటరాయన పిలిచాడు. "ఏరా అబ్బాయ్, నీ రాత బాగుంటుందంటగా, కార్డులు రాసిపెడతావా?" ఎంతిస్తారని అడగడానికి నాకు మొహమాటం. ఆయనే తేల్చేశాడు. ఇరవై కార్డులకి ఒక పాట.

కార్డులంటే కేసెట్ డబ్బాలో మడిచి పెట్టే అట్టముక్కలు. ఎ సైడు, బి సైడు అని రెండు భాగాలు, వాటి మీద సన్నటి గీతలు. ఆ గీతలు గీసినవాడు ఇంగ్లీషు రాసుకోవడానికి గీశాడు. మన వత్తులు కిందిగీత దాటి పక్కపాట నెత్తిన పడేవి. గుడి, కొమ్ము, వత్తు అన్నీ ఆ సన్నజాగాలో ఇమడ్చటానికి నాకు వారం పట్టింది. పాట పేరు నీలం రేనాల్డ్స్‌తో, సినిమా పేరు ఎర్ర సిరాతో. తప్పు పోతే కొట్టివేత ఉండకూడదు, కార్డు వృథా అయితే ఆయన మొహం చూడలేం.

షాపు ఎనిమిదడుగుల గది. గోడకి అద్దాల బీరువా, అందులో ఎల్పీ రికార్డులు, మాస్టర్ కేసెట్లు. రెండు డెక్కులు, ఒక యాంప్లిఫయరు, పాట పోతున్నంతసేపూ ఎగిరెగిరి పడే ఆకుపచ్చ, ఎర్ర లైట్లు. బల్ల మీద రెండు లావుపాటి రూళ్ల పుస్తకాలు. అందులో సినిమా పేర్లు అ, ఆ వరసలో ఉంటాయి. వచ్చినవాళ్లు పుస్తకం తిరగేసి తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసిచ్చి, అడ్వాన్సు కట్టి వెళ్తారు. మూడు రోజులకో నాలుగు రోజులకో కేసెట్ తయారు. అదంతా చట్టం లెక్కన దొంగ వ్యాపారమేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఊరికి రెండు మూడు ఇలాంటి కొట్లు ఉండేవి, ఎవరికీ అది దొంగతనంగా తోచలేదు. మా స్కూలు హెడ్మాస్టరు కూడా అక్కడే భక్తిపాటలు నింపించుకునేవాడు.

అరవై కేసెట్ అంటే పక్కకి ముప్పై నిమిషాలు. ఆరు పాటలు నిక్షేపంగా పడతాయి, ఏడోది పట్టీ పట్టకా పడుతుంది. అసలు గొడవంతా ఆ ఏడో పాట దగ్గరే. షాపాయన ప్రతి పాట పక్కనా చేతిగడియారం చూసుకుని నిమిషాలు, సెకన్లు రాసిపెట్టుకున్నాడు. "అయ్యా, నీ ఏడో పాట రెండో చరణంలో తెగిపోద్ది. ఏం చేయమంటావ్?" అని ముందే అడిగేవాడు. ఆ ప్రశ్నకి చెప్పే జవాబుని బట్టి మనిషిని చెప్పెయ్యొచ్చని ఆయన సిద్ధాంతం. తెగితే తెగనీ, ఉన్నంతవరకు ఉంటుందిగా అనేవాళ్లు ఒక రకం. తెగిన పాట ఇంట్లో ఉంటే అరిష్టం అనేవాళ్లు ఇంకో రకం. వాళ్లకోసం మూడు నిమిషాల పాతపాటలు కొన్ని విడిగా ఒక కాగితం మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. చిల్లర లేనప్పుడు చాక్లెట్ ఇచ్చినట్టు.

అలా తెగిన పాటలు తెగినట్టుగానే నోటికొచ్చేశాయి మా తరానికి. మా మేనత్త కొడుకు ఇప్పటికీ ఒక డ్యూయెట్‌ని రెండో చరణం మొదటి లైనులో ఆపేస్తాడు. తర్వాత ఏముందిరా అంటే "తర్వాత తిప్పాలి" అంటాడు.

ఆ మొదటి వేసవిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఇంటర్ చదివే కుర్రాడొకడు లిస్టు తెచ్చాడు. నాలుగే పాటలు, అవే నాలుగూ రెండు పక్కలా మళ్లీ మళ్లీ కావాలన్నాడు. షాపాయన డబ్బులు ఇచ్చేవాడి పిచ్చి మనకెందుకని ఒప్పుకున్నాడు. లిస్టు నా చేతికొచ్చింది. రాసేవాడికి కనపడేవి పాడేవాడికి కనపడవు. నాలుగు పాటల మొదటి అక్షరాలు కిందికి చదివితే ఒక అమ్మాయి పేరు. మూడో పాట 'లలిత ప్రియ కమలం'. నేను ఆ మొదటి అక్షరాలు నాలుగూ కాస్త పెద్దగా, ఎర్ర సిరాతో రాసి, నాలో నేనే మురిసిపోయాను.

రికార్డు మీద ఆ పాట దగ్గరే గీత పడింది. సూది అక్కడికి రాగానే జారిపోతోంది. షాపాయన ఒక్క క్షణం ఆలోచించి అదే రుద్రవీణలోంచి 'చెప్పాలని ఉంది' వేసేసి, నా కార్డు మీద మూడో లైను ఆయనే కొట్టేసి, ఆయన కోడికాళ్ల రాతతో కొత్త పేరు రాసి ఇచ్చేశాడు. సాయంత్రానికి కుర్రాడు ఊగిపోతూ వచ్చాడు.

"అన్నా, నేనిచ్చిన పాటేంది, మీరేసిన పాటేంది?"

"సినిమా అదే, ఇళయరాజానే, రాసింది సీతారామశాస్త్రిగారే. పైగా బాలు కి దీనికి జాతీయ అవార్డు వచ్చింది. నీకు నష్టమేంటి?"

వాడు నష్టమేంటో చెప్పలేడు. చెప్పలేక నా వైపు చూశాడు. నేను తల దించుకుని కార్డులు రాసుకుంటున్నాను. ఆ తర్వాత ఇంకో షాపు నుంచి గీత లేని రికార్డు పట్టుకొచ్చి మళ్లీ చేయించాను, నా జీతంలోంచి ఒక పాట వదులుకుని. షాపాయనకి సంగతేమిటో చివరిదాకా తెలియదు. "లిస్టులిచ్చేవాళ్లలో ఈడంత మొండోణ్ణి చూళ్లేదు" అని చాలాకాలం చెప్పుకున్నాడు.

నా పాటలు నేను ఒక తొంభై కేసెట్‌లో నింపించుకున్నాను. అరవైలో కంటే తొంభైలో టేపు పల్చన, తొందరగా నలుగుతుంది, డెక్కు నమిలేస్తుంది, వద్దురా అని ఆయన చెప్పాడు. పక్కకి నలభై అయిదు నిమిషాలన్న ఆశతో నేను వినలేదు. ఆదివారాలు, సెలవులు రాస్తే నెలకి తొమ్మిదో పదో కార్డులు. అంటే రెండు నెలలకి కొంచెం అటూ ఇటూగా ఒక పాట. ఎవరి కేసెట్ చూసినా ప్రేమ పాటలన్నీ ఒకచోట, విషాదాలన్నీ ఒకచోట ఉంటాయి. నాది అలా కుదరలేదు. ఏ నెలలో ఏ పిచ్చి ఉంటే ఆ పాట. ఒక్కోటి ఒక్కో రోజు ఎక్కింది కాబట్టి పాటకీ పాటకీ మధ్య 'టక్'మని ఒక చప్పుడు, ఒకటి గట్టిగా, ఇంకోటి మెల్లిగా.

మొదటి పాట విషయంలో నాకు సందేహమే లేదు. ఆ వేసవే గీతాంజలి వచ్చింది. 'ఆమనీ పాడవే'.

"అందరూ ఓ ప్రియా ప్రియా అంటుంటే నువ్వు ఇదేంట్రా" అన్నాడు షాపాయన. అని, హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకి పెట్టాడు. అప్పటిదాకా నేను పాటని పాటగా విన్నాను, అంతే. ఆయన బ్యాలెన్స్ నాబ్ ఎడమకి తిప్పాడు, కొన్ని వాయిద్యాలు మాయమయ్యాయి. కుడికి తిప్పాడు, అవి వచ్చి ఇంకొన్ని పోయాయి. మధ్యకి తెచ్చి, "ఇప్పుడు బాలుని వదిలేసి కిందనున్న గిటారొక్కటే విను" అన్నాడు. లావు తీగల గిటారు, బేస్ అనే మాట ఆ రోజే తెలిసింది. పాట కింద ఇంకో పాట నడుస్తోంది. అయిదు నిమిషాలు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ రోజు నుంచీ ఇళయరాజా పార్టీలో నాకు సభ్యత్వం వచ్చినట్టే.

పార్టీలు నిజంగానే ఉండేవి. సాయంత్రం ఆరు దాటితే ఆ ఎనిమిదడుగుల గది ముందు బల్ల మీద ఒక సభ కూడేది. షాపాయనా నేనూ రాజా పార్టీ. ఎదురుగా సైకిల్ షాపు బాబాయిది చక్రవర్తి పార్టీ. ఆయన వాదనలో సగం సంగీతం, సగం కులాసా. "మన పొన్నెకల్లు వాడురా! అసలు పేరు కొమ్మినేని అప్పారావు. గుంటూరు జిల్లావోడు మద్రాసెళ్లి వందల సినిమాలు చేస్తే మీరు పొరుగోళ్లని నెత్తిన పెట్టుకుంటారేంది?" అనేవాడు. రేపల్లె ప్యాసింజర్లో రోజూ వచ్చిపోయే రెవిన్యూ గుమాస్తా గారు ఒకరుండేవారు. ఆయనకి సంగీత దర్శకులతో పని లేదు, జానకమ్మే సర్వం. జానకి పుట్టింది రేపల్లె పక్క పల్లపట్లలో. సుశీలమ్మ గొప్పా జానకమ్మ గొప్పా అని ఎవరైనా అంటే చాలు, ఆయన రైలు తప్పిపోయేది. 'నీలి మేఘాలలో' ఒక్కటి వేయించుకుని విని, "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అని లేచేవారు.

ఇక లెక్కల మేష్టారు. రిటైరైన మనిషి, ధోవతి, చేతిలో గొడుగు. కేసెట్ ఒక్కటీ కొన్నది చూళ్లేదు. ఊరికే వచ్చి కూర్చుని, మా నోళ్లు మూయించి వెళ్లేవారు. మహదేవన్ ఆయన దేవుడు. ఆయన చెప్పే ఒక్క పాయింటుకి మా దగ్గర జవాబు ఉండేది కాదు.

"మీ రాజాగారు బాణీ కట్టి ఇస్తాడు, వేటూరి అందులో మాటలు కూరతాడు. మా మహదేవన్ మామ ముందు సాహిత్యం తెమ్మనేవాడు. కాగితం మీదున్న మాటకి బాణీ కట్టేవాడు. ఆయనకి తెలుగు సొంతభాష కాదు. పక్కనున్న అసిస్టెంటు పుహళేందిది మలయాళం. అయినా ఒక్క మాట విరిగిందేమో చూపించండి."

"వేటూరి కూరిన మాటల్లో ఏం విరిగిందో మీరు చూపించండి మేష్టారూ" అనేవాడు షాపాయన.

"విరగలేదయ్యా. వేటూరి కాబట్టి విరగలేదు. ఇంకోడైతే?"

అక్కడితో ఆగేది కాదు. అవార్డులు పేకముక్కల్లా బయటికొచ్చేవి. మేష్టారు శంకరాభరణం దించేవారు. మహదేవన్, బాలు, వాణీ జయరాం, ముగ్గురికీ ఒకేసారి. దాని మీద మేఘసందేశం. రమేశ్ నాయుడు, ఏసుదాసు, సుశీల, మళ్లీ ముగ్గురికీ. మేం సాగర సంగమం, రుద్రవీణ వేసేవాళ్లం. రాజాకి రెంటికీ వచ్చింది, బాలుకీ రెంటికీ వచ్చింది. సైకిల్ షాపు బాబాయి దగ్గర అవార్డులు లేవు. "అవార్డులు ఢిల్లీలో ఇస్తారు, ఈలలు తెనాల్లో వేస్తారు" అని తుమ్మముల్లులా ఒక మాట విసిరి పంక్చరేసుకోవడానికి పోయేవాడు.

బాబాయిని నేను చులకన చేసేవాణ్ణి. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తుంది గాని, చక్రవర్తి పాటలంటే డప్పు తప్ప ఏముందనేవాణ్ణి. నా నోరు మూయించింది మా పిన్ని పెళ్లి. ఊరేగింపులో బ్యాండు మేళం. క్లారినెట్టు ఆయన్ని అడిగి మరీ 'మౌనమేలనోయి' వాయించమన్నాను. పాపం మంచి వాయిద్యగాడే. పల్లవి అందంగా పలికించాడు. పల్లవి తర్వాత మ్యూజిక్ బిట్టు వచ్చేచోట ఏం చేయాలో తెలియక బిక్కమొహమేశాడు. డోళ్లు ఊరికే కొట్టుకున్నాయి. రాజా పాటలో సగం ప్రాణం ఆ బిట్టుల్లో ఉంటుంది, మొదటి చరణం ముందు ఒకటి, రెండో చరణం ముందు ఇంకోటి. అవి ఒక్క క్లారినెట్టుకి ఎక్కవు. తర్వాత ఎవరో వేటగాడులోంచి 'ఆకుచాటు పిందె తడిసె' అన్నారు. అంతే, వీధి వీధంతా కదిలింది. ఆ బాణీకి ఏ ఆసరా అక్కర్లేదు. బ్యాండులో వాయించినా, అగ్గిపెట్టె మీద కొట్టినా, బండి తోలుకుంటూ కూనిరాగం తీసినా అదే పాట. ఏ వాయిద్యమూ లేకుండా నిలబడే పాట కట్టడం ఎంత కష్టమో ఆ రాత్రి పెట్రోమాక్స్ లైట్ల వెలుతురులో నాకు కొంచెం అర్థమైంది. మర్నాడు బాబాయికి చెప్పలేదు. కానీ నా కేసెట్‌లో ఏడో పాట అదే. కార్డు మీద ఆ పేరు చూసి ఆయన ఏమీ అనలేదు, నా సైకిల్‌కి ఊరికే గాలి కొట్టిచ్చాడు.

రేడియో సంగతి ఎత్తకపోతే తప్పు. షాపులో చేయించుకోవడానికి డబ్బు లేనివాళ్లకి జనరంజనే గతి. టూ ఇన్ వన్‌లో ఖాళీ కేసెట్ పెట్టి, రికార్డు, ప్లే బటన్లు రెండూ కలిపి నొక్కడానికి వేళ్లు సిద్ధం చేసుకుని కూర్చోవడం. కోరినవారి పేర్లు, ఊళ్ల పేర్లు చదువుతూ చదువుతూ అనౌన్సరు గారు పాట మొదటి సంగీతం మీదికి వచ్చేసేవారు. ఏ ఇంట్లో కేసెట్ పెట్టినా పాటకి ముందు నలుగురైదుగురు తెలియనివాళ్ల పేర్లుండేవి. శుక్రవారం చిత్రలహరి పాటల్ని కూడా టీవీ ముందు టేపురికార్డరు పెట్టి పట్టేవాళ్లు కొందరు, వాటిలో కుక్కర్ విజిళ్లు కూడా పడేవి.

1990 మే తొమ్మిదిన మేం అమ్మమ్మ గారింట్లో ఉన్నాం, రేపల్లె పక్క పల్లెటూళ్లో. తుఫాను. కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిందని రేడియో చెప్పేసరికే మా దొడ్లో కొబ్బరిచెట్లు రెండు అడ్డంగా పడున్నాయి. అదే రోజు జగదేక వీరుడు అతిలోక సుందరి విడుదల. పాటలు ముందే బయటికొచ్చేశాయి, నా తొంభై కేసెట్‌లో 'అబ్బనీ తీయని దెబ్బ' అప్పటికి రెండు వారాల కిందట ఎక్కింది. కరెంటు పోయింది, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో టేపురికార్డరుకి నాలుగు పెద్ద సెల్లులు. టార్చిలైటుకీ అవే సెల్లులు.

"రాత్రిపూట పురుగూ పుట్రా తిరిగే వేళ టార్చి లేకపోతే ఎట్టారా? ఆ పాటలు కడుపు నింపుతాయా?" అని అమ్మమ్మ. పగలు పాటలకి, రాత్రి టార్చికి అని మా చిన్నమావయ్య ఒప్పందం కుదిర్చాడు. రెండో రోజుకి సెల్లులు నీరసించాయి. బాలు గొంతు మెల్లగా లావెక్కడం మొదలెట్టింది. చిత్ర గొంతు మగగొంతైంది. డ్యూయెట్టు కాస్తా ఇద్దరు పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని ఆయాసపడుతూ మాట్లాడుకున్నట్టయింది. మేం పిల్లలం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, అమ్మమ్మ వచ్చి విని, "పాపం ఆ అబ్బాయికి జలుబు చేసినట్టుందే" అంది. నిజంగానే అంది, వేళాకోళానికి కాదు.

వాన వెలిసిన తర్వాత సెల్లుల్ని ఎండలో ఆరబెట్టాం, చుట్టూ తడిసిన వడ్లు ఆరబోసి ఉంటే వాటి పక్కనే. ఎండలో పెడితే ఒక పాటో రెండు పాటలో ఎక్కువ వస్తాయి. ఆ ఏడు అమ్మమ్మవాళ్లకి గింజలు సగం మొలకెత్తిపోయాయి. మావయ్య అరుగు మీద కూర్చుని ఆ వడ్లవైపే చూస్తూ, కుర్రాళ్లని మాత్రం పాట ఆపమనలేదు. ఆ పాట ఇప్పుడు ఎక్కడ విన్నా నాకు తడిసిన వడ్ల వాసనొస్తుంది. సినిమా చూసింది చాలా రోజుల తర్వాత. తెర మీద పాట పరుగెత్తుతున్నట్టనిపించింది.

క్షణక్షణం వచ్చినప్పుడు షాపులో పెద్ద రగడేమీ లేదు. 'జామురాతిరి' విని మేష్టారు కూడా మెచ్చుకున్నారు, కీరవాణిది కొవ్వూరని తెలిసి బాబాయి ఇంకా మెచ్చుకున్నాడు. అసలు రగడ రోజాతో.

1992 చివర్లో ఒక సాయంత్రం మాస్టర్ కేసెట్ వచ్చింది. షాపాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని 'చిన్ని చిన్ని ఆశ' విన్నాడు. తీశాడు. భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకుని మళ్లీ విన్నాడు. మేమందరం ఆయన మొహం చూస్తున్నాం. చివరికి స్పీకర్లలోకి వదిలాడు.

సైకిల్ షాపు బాబాయి చాలాసేపు విని, "వాయించేవాళ్లు కనపట్టం లేదేందిరా?" అన్నాడు. అప్పుడు నవ్వాం గాని, అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లని తర్వాత ఏ పత్రికలోనూ చదవలేదు. అప్పటిదాకా ఏ పాట విన్నా కళ్లు మూసుకుంటే వయొలిన్ల వరస, తబలా ఆయన, మూల డ్రమ్ములవాడు కనపడేవాళ్లు. ఇందులో శబ్దం ఉంది, మనిషి లేడు. కానీ శబ్దం శుభ్రంగా, కడిగిన గాజులా ఉంది.

మేష్టారికి గొంతు నచ్చింది. ఎవరని అడిగితే మిన్‌మిని అని నేనే చెప్పాను. తెలుగు మాటలు రాజశ్రీ. "అరవం పెదాలకి తెలుగు కుట్టాడయ్యా, కుట్టు కనపడనీలేదు" అన్నారు. డబ్బింగ్ పాటని ఆయన మెచ్చుకోవడం అదొక్కసారే.

నేనేమన్నానో కూడా చెప్పాలి. ఆరు నెలల్లో ఈ రెహమాన్ కుర్రాణ్ణి అందరూ మర్చిపోతారన్నాను. గట్టిగా, బల్ల గుద్ది. అప్పటికి డిగ్రీ రెండో ఏడు, నోటికి అడ్డూ ఆపూ లేదు. షాపాయన నా వైపు చూసి, "నీకు పదిహేను కార్డులు జమ ఉన్నాయి. ఇంకో అయిదు రాసెయ్. ఏ పాట వేయించుకుంటావో చూద్దాం" అన్నాడు. అయిదు కార్డులు ఆ రాత్రే రాసేశాను. ఏ పాట వేయించుకున్నానో మీకు తెలిసిపోయే ఉంటుంది. పందొమ్మిదో పాట.

అది ఎక్కాక బి సైడులో ఇంకా కొంచెం టేపు మిగిలింది. షాపాయన కేసెట్‌ని వెలుతురుకి పెట్టి, చక్రం మీద మిగిలిన చుట్ట మందం చూసి "రెండున్నర నిమిషాలు" అన్నాడు. మేష్టారు తన కళ్లజోడు సర్దుకుని చూసి "మూడుకి కొంచెం తక్కువ" అన్నారు. ఇద్దరూ కాసేపు దాని మీద వాదించుకున్నారు. రెండున్నర నిమిషాల్లో పట్టే రాజా పాట ఏదీ లేదు. బాబాయి దగ్గర కూడా లేదు. గుమాస్తా గారు నీలిమేఘాలు అన్నారు, చివర్లో తెగుతుందని షాపాయన. ఖాళీగా వదిలెయ్ అన్నాన్నేను.

"ఖాళీగా ఎందుకు?" అన్నారు మేష్టారు. "పుష్పవిలాపం పెట్టు. మొదట్లో ఘంటసాల వచనం, ఆ మొదటి పద్యం సరిపోతాయి."

నేను మొహం ముడుచుకున్నాను. నా పందొమ్మిది పాటల పక్కన పద్యమా! పైగా మా జిల్లాలో ఆ పద్యాలు రాని ఇల్లుండేది కాదు, అవి రాసిన కరుణశ్రీ గారు గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పినవారు, ఆ ఏడే పోయారు. షాపాయన మాత్రం అప్పటికే రికార్డు తీసి పళ్లెం మీద పెట్టేశాడు. "ఇది లెక్కలోకి రాదు, కార్డులేం రాయక్కర్లేదు" అన్నాడు. మూడున్నరేళ్లుగా ఆ బల్ల మీద పార్టీయే లేని ఘంటసాల నిడివి లెక్కన గెలిచాడు.

భక్తుడు పూలు కోయడానికి తోటలోకి వెళ్తాడు. కొమ్మ వంచేసరికి పూలన్నీ బావురుమంటాయి. పద్యం అయింది, ఎర్రలైట్లు తగ్గాయి. తర్వాత వచనంలో ఒక సన్నజాజి తన సన్నని గొంతుతో ఇలా అంది అని ఘంటసాల అంటుండగా డెక్కు 'టక్'మని ఆగిపోయింది. మేష్టారు లేచి గొడుగు తీసుకుని, "మూడుకి కొంచెం తక్కువ, చెప్పలేదూ?" అని వెళ్లిపోయారు.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. సీడీలొచ్చాయి, ఒకే పళ్లెంలో వంద పాటలకి పైగా ఎక్కే ఎమ్‌పీత్రీలొచ్చాయి. వంద పాటలు పట్టేచోట ఏడో పాట గురించి ఎవరు కొట్టుకుంటారు? షాపు జిరాక్సు సెంటరైంది, ఆ తర్వాత మొబైల్ రీఛార్జి. మేష్టారు లేరు. బాబాయీ లేడు. గుమాస్తా గారు ఎక్కడున్నారో.

షాపాయన ఇప్పుడు గుంటూరులో కూతురి దగ్గర ఉంటున్నాడు. 2020 సెప్టెంబరు 25 మధ్యాహ్నం బాలు పోయారని టీవీలో చెప్పిన కాసేపటికి ఫోన్ చేశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు చాలాసేపు. అక్కడా టీవీ, ఇక్కడా టీవీ, రెండింట్లోనూ అదే గొంతు, కొంచెం ముందూ వెనకగా. చివరికి అడిగాడు.

"నీ తొంభై కేసెట్ ఉందిరా ఇంకా?"

"ఉంది అన్నయ్యా."

"పల్చటి టేపు. జాగ్రత్త."

పాడుతుందో లేదో తెలియదు, వినే యంత్రం ఇంట్లో లేదు. డబ్బాలో కార్డు మాత్రం చెక్కుచెదర్లేదు, నీలం కొంచెం వెలిసింది, ఎరుపు బాగానే ఉంది. ఆమధ్య మా అమ్మాయి ఆ కార్డు చూసి ఫోన్లో అవే పాటలు అదే వరసలో పెట్టిచ్చింది. ఆదివారం పూట వంటింట్లో పెట్టుకున్నాం. పాటకీ పాటకీ మధ్య చప్పుడు లేదు, అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. ఏడోది వచ్చినప్పుడు మా ఆవిడ "ఇదేంటి మధ్యలో" అంది. పెళ్లి ఊరేగింపు కథ మళ్లీ చెప్పాను.

కార్డు మీద ఆఖరి లైను నేను రాసింది కాదు. లెక్కలోకి రానిదని నేను వదిలేస్తే షాపాయన తన కోడికాళ్ల రాతతో 'పద్యం' అని రాశాడు. అమ్మాయి అడిగి తెలుసుకుని అదీ పెట్టింది. పూలు బావురుమన్నాయి. పద్యం అయింది. సన్నజాజి సన్నని గొంతుతో ఇలా అంది అన్నాడు ఘంటసాల, నేను గ్యాసు కట్టేసి చెయ్యి తుడుచుకుంటూ ఆగాను.

సన్నజాజి మాట్లాడుతూనే ఉంది.